పండు మనకు, పప్పు వాళ్ళకా?

ఈ సంచిక మీ చేతికి అందేసరికి కొండల మీద మొర్రి పండ్లు నల్లబడుతూ ఉంటాయి. నల్లమల అంచు ఊళ్ళల్లో, ఆదిలాబాదు గుట్టల్లో, గోదావరి ఏజెన్సీలో ఆడవాళ్ళు గంపలెత్తుకొని చీకటితోనే బయలుదేరే రోజులివి. మరో పక్షం ఆగి రాస్తే ఈ మాటలకు పని ఉండదు. అప్పటికి గింజలు షావుకారు కాంటా ఎక్కేసి ఉంటాయి. అందుకే ఈసారి మిగతా సంగతులు పక్కన పెట్టి ఒక చెట్టు గురించి రాస్తున్నాం.

"చెట్టు మీద వ్యాసమేంది, మన పత్రికల భూమి గురించి రాయాలె, కూలి గురించి రాయాలె" అనే మిత్రులుంటారు. సెంటు భూమి లేని మాల, మాదిగ ఇల్లు ఏప్రిల్, మే నెలల్లో ఏం తిని బతుకుతుందో వాళ్ళు ఎప్పుడన్నా లెక్క తీశారా? వరికోతలు అయిపోతాయి. పత్తి ఏరుడు అయిపోతుంది. తొలకరి పడేదాకా ఆసామి చేలో పని ఉండదు. ఆ రెండు నెలలూ కొండ పెట్టిందే కూడు. ఇప్పపువ్వు, చింతపండు, తునికాకు, తునికి పండ్లు, మొర్రి పండ్లు. భూమి లేనోడికి ఆ గుట్టే చేను. కాబట్టి మేము భూమి గురించే రాస్తున్నాం.

చెట్టు సంగతి ముందు చెబుతాం, తెలియని పట్నం మిత్రుల కోసం. తెలంగాణలో మొర్రి అంటారు, కొన్ని చోట్ల మోర్లి. కోస్తా వైపు సార చెట్టు, చార చెట్టు. జారుమామిడి అని కూడా పేరుంది. దీని గింజలోని పప్పే సారపప్పు. హిందీవాళ్ళు చిరోంజి అంటారు. మామిడి, జీడిమామిడి ఏ కుటుంబమో ఇదీ ఆ కుటుంబమే. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు బుకనానియా. బుకనన్ అనేవాడు ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న తెల్ల డాక్టరు, ఆయన పేరు మీద పెట్టారు. తరతరాలుగా చెట్టెక్కి కోసినవాళ్ళ పేరు మాత్రం దానికి ఎక్కలేదు. పోనీయండి, పేరుతో కడుపు నిండదు.

రాళ్ళ గుట్టల మీద, ఎర్ర మొరం నేలల్లో, నాగలి దిగని వాలుల్లో ఇది పెరుగుతుంది. చాలా మెల్లగా పెరుగుతుంది. చలి తగ్గే రోజుల్లో పూత పూసి, ఎండలు ముదిరేసరికి పండుతుంది. పండు చిన్న రేగుపండంత కూడా ఉండదు. పచ్చిగా ఉన్నప్పుడు పులుపూ వగరూ. నల్లగా మాగితే తీపీ పులుపూ కలిసి నాలుకకు పట్టుకుంటుంది. నోట్లో వేసుకుని చప్పరించి గింజ ఊసేస్తారు. మన పిల్లలు బడి సెలవుల్లో జేబుల నిండా పోసుకుని తిరిగేది ఇవే. హైదరాబాదు వీధుల్లో, బస్టాండ్ల దగ్గర ఎండాకాలం గంపల్లో పెట్టుకుని గిద్దలతో, గ్లాసులతో కొలిచి అమ్మే ముసలమ్మలను మీరూ చూసే ఉంటారు. ఆ గంప కొండ దిగి బస్సెక్కి అక్కడికి చేరేసరికి సగం పండ్లు నలిగిపోతాయి. పండు రెండు రోజులకు మించి ఆగదు. అందుకే పండు అమ్మి బాగుపడినవాళ్ళు లేరు.

అసలు సొమ్మంతా గింజ లోపల ఉంది.

ఆ సొమ్ము బయటకు రావడానికి ఎంత చాకిరి పడుతుందో వినండి. ఏరుకొచ్చిన పండ్లను రాత్రంతా నానబెట్టాలి. తెల్లారి గోనెసంచి మీద వేసి అరచేతులతో రుద్దాలి, తోలూ గుజ్జూ ఊడిపోయేదాకా. నీళ్ళల్లో కడగాలి. ఎండలో ఆరబెట్టాలి. ఆరిన గింజ రాయిలా ఉంటుంది. దాన్ని తిరగట్లో వేసి విసరాలి. పైరాయి కొంచెం ఎత్తి పెట్టకపోతే పప్పు పిండి అవుతుంది, మరీ ఎత్తితే పెంకు పగలదు. ఆ అంచనా చేతికి తెలియాలి. తర్వాత చాటతో చెరిగి, పెంకు వేరు, పప్పు వేరు చెయ్యాలి. పగలని గింజలు ఏరి మళ్ళీ విసరాలి. కందిపప్పు కన్నా కాస్త పెద్దగా, లేత గోధుమరంగులో ఉండే ఆ పలుకులు దోసెడు రావడానికి ఒక మనిషి నడుము పడిపోతుంది.

ఈ దోసెడు పప్పు ఎక్కడికి పోతుంది? పట్నం మిఠాయి దుకాణంలో కోవా మీద చల్లుతారు. పరమాన్నంలో, శ్రీఖండ్‌లో వేస్తారు. రంజాను నాడు షీర్ ఖుర్మాలో పడుతుంది. హైదరాబాదు వంటల్లో కోడికూరకు పట్టించే మసాలాలో నూరుతారు. బాదం కొనలేనివాళ్ళకు బదులుగా మొదలైన పప్పు ఇవాళ బాదంతో పోటీ పడుతోంది. నగరం దుకాణాల్లో కిలో వెయ్యి రూపాయలు దాటి పలుకుతోంది. పాయసం తాగేవాళ్ళకు ఆ పలుకు ఏ గుట్ట మీద కాసిందో, ఎవరి అరచేతుల్లో తోలు ఊడిందో తెలియదు. తెలిస్తే ఎంతమంది తినడం మానేసేవాళ్ళో! మన చెయ్యి తగిలిన నీళ్ళు పనికిరావన్నవాళ్ళకు మన చేతితో రుద్దిన సారపప్పు దేవుడి నైవేద్యంలోకి పనికొస్తుంది. అంటు లాభాన్ని ముట్టుకోదు కాబోలు.

మన ఇంట్లో ఏం జరుగుతోందో కూడా చూద్దాం. సారపప్పులో సగానికి మించి కొవ్వు, అయిదోవంతు దాకా మాంసకృత్తులు ఉంటాయి. బాలింతకు, పాలు మానిన బిడ్డకు ఇంతకన్నా బలమైన తిండి ఏముంది? ఊరికే నోట్లో వేసుకుని నమలొచ్చు. పొడిపెనం మీద దోరగా వేయించి ఉప్పు చల్లుకోవచ్చు. జొన్న సంగటిలోకి, గంజిలోకి నూరి కలుపుకోవచ్చు. దీని నూనె బాదం నూనెకు బదులు వాడతారు. ఇంత బలమైన తిండి కొండ దింపినవాళ్ళ పిల్లలు మాత్రం పండు చప్పరించి గింజను అమ్మకం బుట్టలో ఊసి, అయిదు రూపాయల చిప్సు ప్యాకెట్టు కొనుక్కుంటున్నారు. పైగా కొత్తగా చదువుకున్న మన కుర్రాళ్ళకు "అడవి పండ్లు తినేటోళ్ళు" అనిపించుకోవడం నామోషీ అయింది. గొడ్డుమాంసం విషయంలో మనకు నేర్పిన సిగ్గే ఇది. తిన్నవాడికి సిగ్గు నేర్పి, తిండిని మాత్రం సంతకు తోలుకుపోయారు.

ఇక ధర సంగతి. బస్తర్ సంతల్లో ఒకప్పుడు చిరోంజి ఇచ్చి దానికి బదులు ఉప్పు పట్టుకెళ్ళేవాళ్ళని అందరికీ తెలిసిన కథే. ఆ రోజులు పోయాయని అనుకుంటాం. ఎక్కడ పోయాయి? ఉప్పు బదులు అప్పు వచ్చింది. సంక్రాంతికి బియ్యం బస్తా ఇస్తాడు, పిల్ల జ్వరానికి అయిదొందలు ఇస్తాడు, "మొర్రి దిగినంక గింజలు నాకే పొయ్యాలె" అంటాడు. దిగాక తూకం లేదు, డబ్బాతో కొలత. డబ్బా ఆయనది, కొలిచే చెయ్యి ఆయనది, ధర చెప్పే నోరు ఆయనది.

కేంద్ర ప్రభుత్వం 2013-14లో చిన్నతరహా అటవీ ఉత్పత్తులకు మద్దతు ధర మొదలుపెట్టినప్పుడు సార గింజకు కిలో 100 రూపాయలు ప్రకటించింది. 2020 మే నెలలో దాన్ని 126 చేసింది. ఇది పెంకుతో ఉన్న గింజకు ధర. "పెంకు తీస్తే పప్పు కొంచెమే గదా" అని షావుకారు అంటాడు. నిజమే, గింజలో ఎక్కువ భాగం పెంకే. మరి మిగిలిన తేడా అంతా పెంకు బరువేనా? విసిరే చాకిరి ఎవరో ఒకరు చెయ్యాలి కదా, ఆ కూలి పట్నం మిల్లులో కాకుండా మన వాడలోనే ఎందుకు ఉండకూడదు? అసలు మద్దతు ధర అనే మాట ఒకటుందని మన వాడల్లో ఎంతమందికి చెప్పారు?

ఏజెన్సీలో కొంత నయం. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ ఉంది. ప్రైవేటు వ్యాపారి దోచుకోకుండా 1979 రెగ్యులేషన్‌తో అక్కడ అటవీ ఉత్పత్తులు కొనే గుత్తహక్కు దానికి ఇచ్చారు. ఆ సంస్థ సక్రమంగా కొంటుందా, సమయానికి డబ్బులిస్తుందా అనే ఫిర్యాదులు వేరే ఉన్నాయి. కనీసం తిట్టుకోవడానికి ఒక సంస్థ ఉంది. ఏజెన్సీ గీత ఇవతల, అదే గుట్టకు ఈ పక్క వాలులో ఉన్న దళితవాడకు అది కూడా లేదు. అడవి ఉత్పత్తులను ఊళ్ళోనే శుభ్రం చేసి అమ్ముకోవడానికి వన్ ధన్ పథకం మొదలుపెట్టింది 2018 ఏప్రిల్ 14న. అంటే బాబాసాహెబ్ జయంతి నాడు. గిరిజనుల కోసం పెట్టారు, పెట్టాల్సిందే. బాబాసాహెబ్ పుట్టినరోజున మొదలైన పథకంలో ఆయన బిడ్డలైన అడవి అంచు దళితులు ఎక్కడున్నారని అడిగితే తప్పా?

ఒకమాట తేటగా చెప్పాలి. చెంచులకో కోయలకో గోండులకో దక్కినదాంట్లో వాటా కోసుకోమని మేము అనడం లేదు. అట్లా అనేవాడు మనోడైనా సరే, వాడు షావుకారు పని చేస్తున్నట్టే. ఆ హక్కులు వాళ్ళు నెత్తురు ధారపోసి తెచ్చుకున్నవి. మన పేచీ వాళ్ళతో కాదు. ఒకే చెట్టు కింద ఇద్దరం ఏరుతుంటే, ఒకరిని హక్కుదారనీ మరొకరిని దొంగనీ రాసే కాగితంతో మన పేచీ.

దొంగ అనే మాట ఊరికే వాడలేదు. 2000 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అభయారణ్యాల్లోంచి ఎండుకట్టె, గడ్డి కూడా తియ్యరాదని ఉత్తర్వు ఇచ్చింది. ఆ తర్వాత పులుల అడవి చుట్టూ ఉన్న ఊళ్ళల్లో గంప నెత్తిన పెట్టుకున్న ప్రతి ఆడమనిషీ ముద్దాయే అయింది. చెక్‌పోస్టు దగ్గర గంప దింపమంటారు. నాలుగు దోసిళ్ళు ఆయన సంచిలో పోస్తే గంప మళ్ళీ నెత్తికెక్కుతుంది. అదే గింజ బస్తాల్లో లారీ ఎక్కితే సరుకు అవుతుంది, దానికి సలాము కొడతారు.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. అడవిలో ఏరుకునే ఉత్పత్తుల మీద యాజమాన్యం, ఏరుకునే హక్కు, వాడుకునే హక్కు, అమ్ముకునే హక్కు ఏరుకునేవాళ్ళవేనని ఆ చట్టం మూడో సెక్షన్‌లో రాసింది. అభయారణ్యాలకు, జాతీయ పార్కులకు కూడా అది వర్తిస్తుంది. గిరిజనులకే కాదు, అడవి మీద ఆధారపడిన ఇతర సంప్రదాయ నివాసులకు కూడా. అంటే మనకు కూడా. అక్కడే ఒక మెలిక పెట్టారు. గిరిజనేతరులు 2005 డిసెంబరు 13కి ముందు మూడు తరాలుగా, తరానికి 25 ఏళ్ళ చొప్పున 75 ఏళ్ళుగా, అక్కడే ప్రధానంగా నివసిస్తూ అడవి మీద బతుకుతున్నట్టు చూపించాలి.

లెక్క వెయ్యండి. 1930 డిసెంబరు. ఆనాడు మన తాతల చేతిలో ఏ కాగితం ఉంది? తెలంగాణలో నిజాం రాజ్యం, దొరల గడీలు, వెట్టి. మన తాత పేరు ఏ పట్టాలో ఎక్కింది? ఏ బడి రిజిస్టరులో ఎక్కింది? దొర ఇంటి అప్పుల పుస్తకంలో తప్ప మన పేరు రాసినవాడు లేడు. పేరు రాయనివ్వని వ్యవస్థే ఇవాళ వచ్చి "రాసింది చూపించు" అంటోంది. అన్ని తరాలూ ఊరి బయట ఉంచారు కదా, ఊరి బయట అంటే అడవి వైపే కదా, అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఈ 75 ఏళ్ళ షరతు దళితులకు ఎత్తేయాలన్నది మా డిమాండు.

అది ఎత్తేసేదాకా చేతులు ముడుచుకు కూర్చోవద్దు. చట్టం నియమాల్లోనే ఒక దారి ఉంది, అధికారులు దాన్ని చెప్పరు. రాతకాగితమే చూపాలని లేదు. హక్కు అడిగేవాళ్ళు కాకుండా ఊరి పెద్దలు నోటితో చెప్పింది రాసి పెట్టినా సాక్ష్యమే. పాత బావి, సమాధులు, మన దేవత గద్దె, పాత ఇళ్ళ పునాదులు, ఇవీ సాక్ష్యాలే. ఇలాంటివి రెండు ఉంటే చాలు. మన ముత్తవ్వ ఏ గుట్ట మీద మొర్రి ఏరిందో ఆ గుట్ట పేరు, ఆ వాగు పేరు చెప్పగల ముసలివాళ్ళు ఇంకా వాడల్లో ఉన్నారు. పక్క గూడెంలో చెంచు పెద్ద ఉంటే ఆయన మాట ఇంకా గట్టిది. వాళ్ళు కన్నుమూయక ముందే రాయించండి. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ చెరువు నీళ్ళు తాగింది దాహం వేసి కాదు కదా, ఆ చెరువు మీద హక్కు చాటడానికి. ఈ గుట్టలు కూడా అట్లాంటి చెరువులే.

హక్కు మాట ఎందుకింత పట్టుదలగా చెబుతున్నామో చెట్లను చూస్తే తెలుస్తుంది. మొర్రి తగ్గిపోతోంది. పండు నల్లబడకముందే, పచ్చిగా ఉండగానే దూసేస్తున్నారు. ఎందుకంటే మనం ఆగితే పక్క ఊరోళ్ళు కోసుకుపోతారు, వాళ్ళు ఆగితే షావుకారు పంపిన మనుషులు వస్తారు. పచ్చి పండులో గింజ ముదరదు, పప్పు బక్కగా ఉంటుంది, ధర ఇంకా పడిపోతుంది. కొందరు ఎక్కడం ఎందుకని కొమ్మలకు కొమ్మలే నరికి కింద కూర్చుని ఏరుతున్నారు. నరికిన కొమ్మ మళ్ళీ కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. గింజలన్నీ కొండ దిగిపోతే కొత్త మొక్క ఎక్కడ మొలుస్తుంది? మొలిచిన నాలుగూ మేకల నోట్లోకి, కార్చిచ్చులోకి పోతాయి. అడవి శాఖవాళ్ళు ఇదంతా చూపించి "చూశారా, వీళ్ళే అడవిని నాశనం చేస్తున్నారు" అంటారు. నీలగిరి, టేకు తోటలు వెయ్యడానికి సహజమైన అడవిని చదును చేసినవాళ్ళకు ఆ మాట అనే నోరు ఎట్లా వచ్చిందో! మనదని రాసి ఇవ్వని చెట్టును వచ్చే ఏటికి దాచుకునే ఓపిక ఆకలితో ఉన్నవాడికి ఎక్కడిది? మా మామిడి చెట్టును మేము పిందె మీద దులుపుతామా? అడవులు పెంచడానికి 2016 చట్టం కింద కోట్లు జమ చేశారు కదా, అందులోంచి గుట్టల మీద మొర్రి, ఉసిరి, ఇప్ప, నేరేడు నాటమనండి. నాటే కూలి మన వాడకు, కాపు కూడా మన వాడకు.

అక్కలారా, ఈ సీజనులోనే చెయ్యగలిగినవి కొన్ని చెబుతాం. ఊరూ గూడెం కలిసి కూర్చుని కోతకు ఒక తేదీ పెట్టుకోండి, ఆ తేదీకి ముందు ఎవరూ చెట్టెక్కవద్దు, గొడ్డలి అసలే తేవద్దు. ఎండిన గింజను వెంటనే తెగనమ్మవద్దు. పప్పు తీస్తే నూనె చెడి చేదెక్కుతుంది గానీ, పెంకులో ఉన్నంతకాలం నిలవుంటుంది. చెమ్మ తగలకుండా దసరా దాకా ఆపగలిగితే మిఠాయిల గిరాకీ అప్పుడే. ఆపడానికి చేతిలో డబ్బు కావాలి, అది మాకు తెలుసు. అందుకే డ్వాక్రా సంఘం పొదుపులోంచి ఆ మూడు నాలుగు నెలలకు అప్పు ఇచ్చుకునే మాట ఇప్పుడే తేల్చుకోండి. షావుకారు బియ్యం బస్తాకు బదులు అది. అయిదారు ఇళ్ళు కలిసి విసరండి, డబ్బాతో కాకుండా కాంటాతో అమ్మండి. పెంకు తీసే చిన్న మిషన్లు కూడా వచ్చాయి, మండల సమాఖ్యను నిలదీసి అడగండి. అమ్మే ముందు ప్రతి ఇల్లూ రెండు సేర్ల గింజ పిల్లల కోసం పక్కన తియ్యాలి. దీని మీద మాత్రం బేరం లేదు.

సంఘం పని చేసే తమ్ముళ్ళకు వేరే పని ఉంది. సమష్టి హక్కు అడగడానికి కావలసింది ఫారం బి. గ్రామసభలో అటవీ హక్కుల కమిటీ ఉందో లేదో చూడండి, లేకపోతే వేయించండి. పది నుంచి పదిహేను మంది ఉండాలి, మూడోవంతు ఆడవాళ్ళు తప్పనిసరి, గిరిజనులు ఉన్న ఊళ్ళో మూడింట రెండు వంతులు వాళ్ళే ఉండాలి. సభకు ఊళ్ళో సగం మంది రాకపోతే తీర్మానం చెల్లదు, కాబట్టి ఏరుకు పోని పొద్దు చూసి పెట్టండి. 2012 సవరణ ప్రకారం సరుకు రవాణాకు పర్మిట్ ఇచ్చే అధికారం గ్రామసభ కమిటీకే ఉంది, చెక్‌పోస్టులో అడిగితే ఆ కాగితం చూపండి. పంచాయతీ కార్యదర్శి ఫారం లేదంటే ఊరికే తిరిగి రావద్దు. అడిగిన తేదీ వేసి దరఖాస్తు ఇచ్చి, రసీదు మీద ముద్ర వేయించుకుని రండి. ఆ రసీదు నకలు మాకు పంపండి, ఏ ఊరు అడిగిందో, ఏ ఆఫీసు లేదన్నదో వచ్చే సంచిక నుంచి వరసగా అచ్చు వేస్తాం.